డీవీడీస్టైలర్: ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష, మెనూ ఉన్న డిస్క్ చెడిపోకుండా రావాలంటే

డీవీడీస్టైలర్ ఉచిత సాఫ్ట్‌వేర్. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింట్లోనూ నడుస్తుంది. కంప్యూటర్లో పోగుపడిన ఎంపీ4, ఎంకేవీ ఫైళ్లను మామూలు డీవీడీ ప్లేయర్లో రిమోట్‌తో ఎంచుకుని చూసేలా డిస్క్ చేయడానికి ఏళ్ల తరబడి దీన్నే వాడుతున్నాను. మెనూ, బటన్లు, చాప్టర్లు అమర్చడానికి ఇంతకంటే తేలికైన ఉచిత సాధనం నాకు కనబడలేదు. కానీ డిస్క్ బాగా వస్తుందా రాదా అన్నది మెనూ దాకా రాకముందే తేలిపోతుంది. ఫైళ్లు ఎలా సిద్ధం చేసుకున్నామన్నదే అసలు సంగతి. అందుకే ఈ సమీక్షలో సగం దాని గురించే.

ముందు ఇది లోపల ఏం చేస్తుందో తెలుసుకోవాలి. వీడియోను డీవీడీకి కావలసిన ఎంపెగ్-2 రూపంలోకి మార్చేది ఎఫ్ఎఫ్ఎంపెగ్. మెనూలనూ టైటిళ్లనూ (డిస్క్‌లో ఒక్కో వీడియో ఒక టైటిల్) కలిపి, ప్లేయర్ చదివే వీడియో_టీఎస్ ఫోల్డర్ కట్టేది డీవీడీఆథర్. దాన్నుంచి ఐఎస్ఓ ఫైలు, అంటే డిస్క్ మొత్తానికి ఒకే ఫైలుగా నకలు, చేసేది ఎంకేఐఎస్ఓఎఫ్ఎస్. మనకు కనిపించే కిటికీ ఈ మూడింటి మీద పరిచిన పైపొర. పని మధ్యలో ఆగిపోతే లాగ్‌లో ఏ దశలో ఆగిందో చూడండి. ఎవరి తప్పో వెంటనే తెలుస్తుంది.

కొత్త ప్రాజెక్ట్ తెరవగానే పాల్ కావాలా, ఎన్‌టీఎస్‌సీ కావాలా అని అడుగుతుంది. చాలామంది ఇక్కడ ఆలోచించకుండా ఓకే కొట్టేస్తారు. రెండూ టీవీ ప్రమాణాలు. పాల్ అంటే 720×576 పిక్సెళ్లు, సెకనుకు 25 ఫ్రేములు. ఎన్‌టీఎస్‌సీ అంటే 720×480, సెకనుకు 29.97. ఒకే డిస్క్‌లో రెండూ కలపడం కుదరదు. ఎంచుకోవాల్సింది మీ దగ్గరున్న ఫైళ్ల ఫ్రేమ్ రేటును బట్టి. ఫోన్‌తో తీసిన 30 ఫ్రేముల వీడియోను పాల్‌లోకి మారిస్తే ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి ఎగిరిపోతుంది. కెమెరా పక్కకు తిరిగినప్పుడల్లా బొమ్మ కుదుపులు కుదుపులుగా కదులుతుంది. బిట్ రేటు (సెకను వీడియోకు వాడే డేటా) ఎంత పెంచినా ఆ కుదుపు పోదు. అలాంటి ఫైళ్లే ఎక్కువైతే ఎన్‌టీఎస్‌సీ పెట్టండి, మీ ప్లేయర్, టీవీ దాన్ని తీసుకుంటాయో లేదో ఒకసారి చూసుకుని. 25 ఫ్రేములవి ఎక్కువైతే పాల్ పెట్టండి.

ఫోన్ వీడియోలతో ఇంకో చిక్కుంది. వాటిలో చాలావరకు ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు, వెలుతురును బట్టి మారుతూ పోతుంది. అలాంటి ఫైలును నేరుగా ఇస్తే మొదట్లో మాట, పెదవులు కలిసే ఉంటాయి. ఇరవై నిమిషాలు గడిచేసరికి మాట వెనకబడుతుంది. వీడియోలను మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ ఎంచుకుని, నాణ్యత బాగా ఎక్కువ పెట్టి ఒకసారి మార్చుకుని, ఆ ఫైలును డీవీడీస్టైలర్‌కు ఇవ్వండి. రెండుసార్లు ఎన్‌కోడ్ చేస్తే నాణ్యత పోతుందని జంకనక్కర్లేదు. చివరికి వచ్చేది 720 పిక్సెళ్ల బొమ్మే కాబట్టి మధ్యలో పోయే కాస్తా కంటికి ఆనదు.

పాత క్యామ్‌కార్డర్ టేపుల నుంచి తీసిన ఫైళ్లయితే ఇంటర్‌లేస్ సంగతి చూసుకోవాలి. ఒక్కో ఫ్రేమును సరి గీతలు, బేసి గీతలుగా రెండు ఫీల్డులు చేసి ఒకదాని తర్వాత ఒకటి చూపడమే ఇంటర్‌లేస్. డీవీ టేపుల్లో కింది ఫీల్డ్ ముందు వస్తుంది, హెచ్‌డీలో రికార్డు చేసే ఏవీసీహెచ్‌డీ కెమెరాల్లో పై ఫీల్డ్ ముందు. డీవీడీకి ఇంటర్‌లేస్ వీడియో నిక్షేపంగా పనికొస్తుంది కాబట్టి దాన్ని తీసేయకండి. టైటిల్ ప్రాపర్టీస్‌లో ఇంటర్‌లేస్ టిక్ పెట్టి, మొదటి ఫీల్డ్ ఏదో సరిగ్గా చెప్పండి. అది తారుమారైతే ఆగి ఉన్న బొమ్మ బాగానే ఉంటుంది, చెయ్యి ఊపితే మాత్రం ముందుకీ వెనక్కీ వణుకుతుంది.

ఇక బిట్ రేటు. 4.7 జీబీ డిస్క్ అంటే కంప్యూటర్ లెక్కలో దాదాపు 4.38 జీబీ. అంచు దాకా నింపకుండా 430 కోట్ల బైట్లు వాడదాం. రెండు గంటలకు, అంటే 7200 సెకన్లకు, సెకనుకు 4.8 మెగాబిట్ల దాకా వస్తుంది. ఆడియోకు 0.2 తీసేస్తే వీడియోకు సుమారు 4.6. చూడటానికి బాగుంటుంది. మూడు గంటలకైతే మొత్తం 3.2 మెగాబిట్లే. అప్పుడు కదలిక ఉన్న చోటల్లా గళ్లు గళ్లుగా విరుగుతుంది. అంత నిడివి తప్పదనుకుంటే వెడల్పు సగానికి తగ్గించి 352×576 పెట్టండి. అది కూడా డీవీడీ ప్రమాణంలో ఉన్నదే. బొమ్మ కొంచెం మెత్తబడుతుంది కానీ గళ్లు పడవు. గంట వీడియోకు లెక్క ప్రకారం 9 దాటి వస్తుంది. అంత పెట్టకండి. ప్రమాణం వీడియోకు 9.8 దాకా ఒప్పుకున్నా, రాసిన డిస్కుల మీద పాత ప్లేయర్లు అంత వేగాన్ని అందుకోలేక ఆగి ఆగి ఆడతాయి. నేను 8 దాటనివ్వను.

డీవీడీస్టైలర్‌లో ఆటో బిట్ రేట్ ఈ లెక్కంతా తనే చేసి, డిస్క్‌కు సరిపడేలా పంచుతుంది. అది నమ్మదగ్గ పనే. కాకపోతే డిస్క్‌లో ఇంకో అరగంట క్లిప్పులు చేర్చిన ప్రతిసారీ, ముందున్న మంచి వీడియో వాటా కూడా తగ్గిపోతుంది. ఏది ముఖ్యమో ముందే తేల్చుకుని, మిగిలినవి రెండో డిస్క్‌కు మార్చడం మేలు.

ఆడియోకు ఎంపీ2, ఏసీ3 రెండూ చూపిస్తుంది. ఏసీ3 ఎంచుకోండి. ఎన్‌టీఎస్‌సీ ప్లేయర్లన్నీ ఎంపీ2 ఆడాలన్న నిబంధన లేదు. వేర్వేరు చోట్ల తీసిన క్లిప్పుల శబ్దం ఒకటి గుసగుసలా, ఒకటి అరుపులా ఉంటుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోని లౌడ్‌నార్మ్ ఫిల్టర్‌తో అన్నింటినీ ముందే ఒక స్థాయికి తెచ్చుకుంటే రిమోట్ చేతిలో పట్టుకుని కూర్చోనక్కర్లేదు.

4:3 వీడియోలు, 16:9 వీడియోలు కలిసి ఉంటే వాటిని ఒకే టైటిల్‌సెట్‌లో (టైటిళ్ల గుంపులో) వేయకండి. ఒక టైటిల్‌సెట్‌లోని వీడియోలన్నిటికీ ఒకే ఆకారం ఉండాలన్నది డీవీడీ నియమం. టైటిల్‌సెట్ జోడించి రెండు గుంపులుగా పెట్టాలి. అలా పెట్టగానే ఇంకో అడ్డు వస్తుంది. ఒక టైటిల్‌సెట్‌లోని టైటిల్ నుంచి మరో టైటిల్‌సెట్‌లోకి నేరుగా దూకడం డీవీడీలో లేదు. ప్రధాన మెనూ విభాగం మీదుగా వెళ్లాల్సిందే. జంప్‌ప్యాడ్లు సృష్టించే ఆప్షన్ ఉన్నది ఇందుకే. వీలైతే ఇంత దూరం పోకుండా, 4:3 వాటికి రెండు పక్కలా నల్లపట్టీలు వేసి 16:9గా మార్చేసి, అంతా ఒకే టైటిల్‌సెట్‌లో ఉంచుకోవడమే సుఖం.

ఇప్పుడు మెనూ. ఎడమవైపు నుంచి వెనక బొమ్మను, బటన్లను లాగి వేయడమే కాబట్టి పది నిమిషాల్లో చూడచక్కని మెనూ వస్తుంది. కంప్యూటర్ తెర మీద చక్కగా ఉన్నది టీవీ మీద చెడిపోవడానికి మూడు కారణాలుంటాయి. పాత టీవీలు అంచులను కొంత మింగేస్తాయి. 720×576 మెనూలో అక్షరాలూ బటన్లూ ఎడమ కుడి వైపుల 72 పిక్సెళ్లు, పైనా కిందా 58 పిక్సెళ్లు వదిలి లోపలే ఉండాలి. రెండోది, ఒక్క పిక్సెల్ మందమున్న అడ్డగీతలు ఇంటర్‌లేస్ తెర మీద మినుకుమినుకుమంటాయి, రెండు మూడు పిక్సెళ్లు పెట్టండి. మూడోదే అందరినీ విసిగించేది. బటన్ ఎంచుకున్నప్పుడు దాని మీద వెలిగే పొరకు పారదర్శకాన్ని కలుపుకుని నాలుగు రంగులే ఉంటాయి. నీడలు, మెల్లగా మారే రంగులు అందులో పట్టవు. సన్నని అక్షరాలే వెలగాలనుకుంటే అంచులు రంపంలా కనిపిస్తాయి. అక్షరాలను వెనక బొమ్మలోనే ఉంచేసి, వాటి పక్కన ఒక చుక్కో, కింద మందపాటి గీతో మాత్రమే వెలిగేలా చేస్తే ఏ టీవీ మీదైనా శుభ్రంగా ఉంటుంది.

బటన్ల చతురస్రాలు ఒకదాని మీదికొకటి ఎక్కకూడదు. ఎక్కితే రిమోట్ బాణం నొక్కినప్పుడు వెలుగు ఎటో పోతుంది. పైకి, కిందికి నొక్కితే ఎటు వెళ్లాలో సాఫ్ట్‌వేర్ తనే లెక్కేస్తుంది. రెండు వరుసల్లో బటన్లుంటే ఆ లెక్క తప్పుతుంటుంది కాబట్టి బటన్ ప్రాపర్టీస్‌లో నాలుగు దిక్కులూ చేత్తో పెట్టేయండి. ఒక మెనూలో 4:3 అయితే 36 బటన్ల దాకా కుదురుతాయి. 16:9 మెనూకు లెటర్‌బాక్స్ రూపం (4:3 టీవీలో పైనా కిందా నల్లపట్టీలతో కనిపించేది) కూడా ఉంటే 18 మాత్రమే. నిజానికి ఆరేడు దాటితే రిమోట్‌తో వెతుక్కోవడమే కష్టం, రెండో పేజీ పెట్టుకోండి.

టైటిల్ అయిపోయాక ఏం జరగాలో పోస్ట్ కమాండ్ చెబుతుంది. మెనూకు తిరిగి రావాలా, ‘జంప్ టైటిల్ 2’ అని తర్వాతి దానికి వెళ్లాలా అన్నది అక్కడే. అన్నీ వరసగా చూడటానికి ప్లే ఆల్ బటన్ విడిగా ఉంది. టైటిల్‌కూ టైటిల్‌కూ మధ్య ప్లేయర్ ఒక క్షణం నల్లగా ఆగడం మామూలే. ఆగకూడదనుకుంటే చిన్న క్లిప్పులన్నీ ఒకే ఫైలుగా కలిపి, చాప్టర్లుగా విడగొట్టండి. చాప్టర్ల మధ్య ఆగదు.

తెలుగు అక్షరాల విషయం కాస్త వివరంగా చెప్పాలి. మెనూలో తెలుగు శీర్షికలు కావాలంటే బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో రాసుకుని, వెనక బొమ్మగా తెచ్చుకోవడమే నేను చేసేది. ఖతి ఏదైనా ఒత్తులు, గుణింతాలు తప్పకుండా వస్తాయి. సబ్‌టైటిళ్లలో అసలు ప్రమాదం ఉంది. డీవీడీలో సబ్‌టైటిల్ అంటే అక్షరాలు కాదు, బొమ్మలు. సబ్‌టైటిళ్ల మాటలుండే ఎస్ఆర్‌టీ ఫైలును బొమ్మలుగా మార్చేది డీవీడీఆథర్‌తో వచ్చే స్పూమక్స్. అది ఒక్కో గుర్తునూ విడివిడిగా పేర్చుకుంటూ పోతుంది. తెలుగులో అక్షరాలు కలిసే పద్ధతి దానికి తెలియదు. అందుకే ‘అమ్మ’ అన్నది ‘అమ్‌మ’లా పడుతుంది, ‘స్త్రీ’ లాంటి మాట మూడు ముక్కలవుతుంది. ఖతి మార్చి చూస్తూ రాత్రంతా గడిపినా లాభం లేదు, లోపం ఖతిది కాదు. తేలికైన దారి ఏమిటంటే, హ్యాండ్‌బ్రేక్‌లో కానీ ఎఫ్ఎఫ్ఎంపెగ్ సబ్‌టైటిల్స్ ఫిల్టర్‌తో కానీ ఆ ఎస్ఆర్‌టీని బొమ్మలోనే శాశ్వతంగా అద్దేయడం. ఆ రెండూ లోపల వాడే లిబ్ఆస్ అనే సబ్‌టైటిళ్ల సాధనం తెలుగును సరిగ్గా కూర్చుతుంది. సబ్‌టైటిళ్లు ఆపుకునే వీలు పోతుంది, చదవడానికి మాత్రం నిండుగా ఉంటాయి. అక్షరాల సైజు కొంచెం పెద్దదే పెట్టండి, 576 గీతల బొమ్మలో తెలుగు ఒత్తులు చిన్న సైజులో అలుక్కుపోతాయి.

లాగ్‌లో ఎక్కువగా కనిపించే ఎర్రర్ ‘ఎస్‌సీఆర్ మూవ్స్ బ్యాక్‌వర్డ్స్, రీమల్టిప్లెక్స్ ఇన్‌పుట్’ అన్నది. ముందే ఎంపెగ్-2లో ఉన్న ఫైలును మార్చకుండా కాపీ చేయమన్నప్పుడు, దానిలోని సమయ ముద్రలు డీవీడీకి కావలసిన వరసలో లేకపోతే వస్తుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఫార్మాట్ డీవీడీ అని పెట్టి, కోడెక్ కాపీతో ఒకసారి మళ్లీ ప్యాక్ చేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. అలా సర్దుకోకపోతే ‘టార్గెట్ పాల్-డీవీడీ’తో పూర్తిగా మార్చండి. పని మొదలుపెట్టేముందు కంప్యూటర్ హార్డ్ డిస్క్‌లో 15 జీబీ దాకా ఖాళీ చూసుకోండి. మార్చిన వీడియో, వీడియో_టీఎస్ ఫోల్డర్, ఐఎస్ఓ, మూడూ ఒకేసారి ఉండొచ్చు. తాత్కాలిక ఫోల్డర్ దారిలో తెలుగు అక్షరాలు లేకుండా చూసుకుంటే లోపలి చిన్న ప్రోగ్రాములు తడబడవు.

నేరుగా డిస్క్ మీద రాయకుండా ఐఎస్ఓ చేసుకోవడం మేలు. దాన్ని వీఎల్‌సీలో తెరిచి ప్రతి బటన్ నొక్కి చూడండి. అయితే వీఎల్‌సీ చాలా తప్పులను సహించేస్తుంది. దానిలో ఆడింది కదా అని ప్లేయర్లో ఆడుతుందన్న హామీ లేదు. మొదట రీరైటబుల్ డిస్క్ మీద రాసి అసలు ప్లేయర్లో పెట్టి చూడండి, ఆ తర్వాతే ఒకసారి రాసే డిస్క్. కొన్ని పాత ప్లేయర్లు రీరైటబుల్ డిస్కులను చదవవు, వాటి నుంచి వెలుగు తక్కువగా ప్రతిఫలించడమే కారణం. అలాంటి ప్లేయర్‌కు డీవీడీ-ఆర్ వాడండి, లేదా డ్రైవ్ ఒప్పుకుంటే డీవీడీ+ఆర్‌ను డీవీడీ-రోమ్‌గా కనిపించేలా బుక్‌టైప్ (డిస్క్ ఏ రకమో ప్లేయర్‌కు చెప్పే గుర్తు) మార్చి రాయండి. 16ఎక్స్ డిస్క్ అయినా 8ఎక్స్ వేగంతో రాసి, రాశాక సరిచూసే టిక్ తప్పక పెట్టండి. విండోస్‌లో ఇమ్‌గ్‌బర్న్ ఈ పనికి నికరంగా ఉంటుంది. డిస్క్ మీద కాగితం స్టిక్కర్ అంటించకండి, కాస్త పక్కకు అతికినా తిరిగేటప్పుడు డిస్క్ ఊగుతుంది. డిస్కుల కోసం వచ్చే మార్కర్‌తో పేరు రాయడమే క్షేమం.

హై డెఫినిషన్ కావాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు. డీవీడీ ప్రమాణమే 576 గీతల దగ్గర ఆగిపోతుంది, 4కేలో తీసినా అంతే. ఏవీసీహెచ్‌డీ డిస్కులు ఆడే బ్లూరే ప్లేయర్ ఉంటే ఆ పద్ధతిలో 1080 వీడియోను మామూలు డీవీడీ మీదే రాసుకోవచ్చు, దానికి మల్టీఏవీసీహెచ్‌డీ లాంటి వేరే సాధనం కావాలి.

ఇంకొక్క మాట. డీవీడీస్టైలర్ ప్రాజెక్ట్ ఫైలులో మీ వీడియోలు ఉండవు, అవి ఎక్కడున్నాయో దారులు మాత్రమే ఉంటాయి. ఫోల్డర్ జరిపినా, పేరు మార్చినా తర్వాత తెరిచినప్పుడు టైటిళ్లు దొరకవు. వీడియోలు, మెనూ బొమ్మలు, ప్రాజెక్ట్ ఫైలు, ఐఎస్ఓ నాలుగూ ఒకే ఫోల్డర్లో పెట్టి, ఆ ఫోల్డర్‌ను ఇంకో హార్డ్ డిస్క్ మీదికి కూడా కాపీ చేసి ఉంచండి.