కాళేశ్వరం–సిరోంచ వంతెన: ఇవతలి ఒడ్డు నుంచి ఒక సమీక్ష

2016 డిసెంబరు చివరలో తెరిచినప్పటి నుంచీ ఈ వంతెనను వాడుతున్నాను. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటికి కాస్త దిగువన, కిలోమీటరున్నరకు పైగా పొడవున్న దీని ఒక కొస తెలంగాణలోని కాళేశ్వరం వైపు, మరో కొస మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, మా సిరోంచ వైపు. మా తాలూకాలో ఇంట్లో మాట్లాడేది ఎక్కువగా తెలుగు, బడిలో చదివేది మరాఠీ. కట్టుబడి మీద నాకు ఫిర్యాదేమీ లేదు కనుక, దీన్ని వాడుకున్న మనుషుల గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ముందుగా లాభం సంగతి. మా జిల్లా కేంద్రం ఆలాపల్లి అడవుల మీదుగా రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. వరంగల్ సుమారుగా అందులో సగం దూరమే. అయినా చీకటి పడ్డాక పురిటి నొప్పులు మొదలైతే, రేవులో పడవ దొరకని ఆ రోజుల్లో, వరంగల్ ఉన్నా లేనట్టే. ఈ ఒక్క కారణానికే అయిదింటికి నాలుగు మార్కులు వేస్తాను. పడవల కాలమే బాగుండేదని ఎవరైనా నిట్టూరిస్తే, వాళ్లింట్లో రాత్రివేళ ఎవరికీ జబ్బు చేయలేదు కాబోలు అనుకుంటాను.

చుట్టరికాల విషయం ఇంత సులువుగా తేలదు. మా బంధువుల్లో చాలామంది అవతలి ఒడ్డున, తెలంగాణలోని మహదేవపూర్, కాటారం వైపు ఉంటారు. అప్పట్లో చుట్టం వస్తే ఆ పూట తిరిగి వెళ్లడం కుదిరేది కాదు. చివరి పడవ వెళ్లిపోయిందని తెలియగానే పొయ్యి మీద ఇంకో గిన్నె ఎక్కేది, మంచాలు వాకిట్లోకి వచ్చేవి, భూమి తగాదాలూ పెళ్లి సంబంధాల మాటలూ అర్ధరాత్రి దాకా నడిచేవి. ఇప్పుడు అదే చుట్టం మధ్యాహ్నం భోజనానికి మోటారు సైకిల్ మీద వచ్చి, చేయి కడుక్కోగానే తాళంచెవి తీస్తాడు. రావడం పెరిగింది, ఉండడం తగ్గింది. వంతెన వల్ల ఆప్యాయతలు పోయాయని ఊళ్లో తరచూ వింటుంటాను గానీ నేను ఒప్పుకోను. ప్రేమ కొద్దీ ఉండిపోయినవాడెవడో, పడవ లేక ఉండిపోయినవాడెవడో అప్పుడు తేల్చుకునే వీలు లేదు. ఇప్పుడు తెలిసిపోతోంది, కొన్ని ఇళ్లలో ఆ తెలియడమే కష్టంగా ఉంది. పైగా ఈ నిట్టూర్పులన్నీ మగవాళ్లవే. ఆ అర్ధరాత్రి కబుర్లకు వంట చేసిపెట్టిన ఆడవాళ్లలో ఒక్కరైనా ఆ రోజులు మళ్లీ రావాలని కోరుకోగా నేను వినలేదు.

ఇక రాకపోకలు. పడవలో ఆసామీ, కూలీ, మిరప బస్తా, మేక ఒక్కచోటే సర్దుకోవలసి వచ్చేది. దాన్ని సమానత్వం అనలేం; పెద్ద ఆసామీ వస్తున్నాడంటే పడవ ఆగేది, కూలీ కోసం ఆగేది కాదు. అయితే ఎక్కిన తర్వాత మాత్రం అందరూ ఒకే వేగంతో నది దాటేవారు. వంతెన మీద ఎవరి వేగం వారిది. కారు రెండు మూడు నిమిషాల్లో అవతల ఉంటుంది. బండి లేని ముసలామె బస్సు వేళ దాకానో, ఆటో నిండే దాకానో కూర్చోవాలి, లేదా మే నెల ఎండలో ఆ పొడవంతా నడవాలి. అలా నడిచేవారి పక్కనుంచి వెనక సీటు ఖాళీగా ఉన్న బండ్లు వరసగా పోతుండడం చూశాను. అదే మనుషులు 2022 జూలైలో గోదావరి పొంగి మా తాలూకా ఊళ్లు నీట మునిగినప్పుడు, పిలవకుండానే ట్రాక్టర్లు తీసుకుని వచ్చారు. వరదకు కదిలినవారు ఎండకు ఎందుకు కదలరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మద్యం మాట కూడా చెప్పాలి. గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి నిషేధం ఉంది. అవతలి ఒడ్డున దుకాణాలు బాహాటంగానే ఉన్నాయి. పడవల్లోనూ సీసాలు దాటేవి, కాకపోతే తాగడానికి వెళ్లేవాడు రేవులో నలుగురి కళ్లలో పడేవాడు, ఆ సిగ్గుకు కొందరైనా వెనక్కి తిరిగేవారు. ఇప్పుడు ఎక్కడికని అడిగేవారు లేరు. ఇది వంతెన తప్పు కాదు గనుక మార్కులు తగ్గించడం లేదు.

2010 డిసెంబరులో ప్రాణహిత పుష్కరాలకు వంతెన లేదు, 2022 ఏప్రిల్ పుష్కరాలకు ఉంది. ఈసారి అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు అలవోకగా తిరిగారు.

తగ్గించిన ఆ ఒక్క మార్కు కాగితాల కోసం. నది మీదుగా పిల్లనిచ్చి పుచ్చుకోవడం ఎప్పటి నుంచో ఉన్నదే, వంతెన వచ్చాక ఇంకా సులువైంది. అయితే కులాల జాబితా ఒక్కో రాష్ట్రానికి ఒక్కో తీరు. పుట్టిన రాష్ట్రంలో ఉన్న రిజర్వేషన్ అర్హత కాపురానికి వెళ్లిన రాష్ట్రంలో చెల్లదు. వంతెన పొడవు కొలిచినవారు ఈ దూరాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అవతలి నుంచి సంబంధాలు చూడడానికి వచ్చేవారిలో చదువుకున్న అమ్మాయిలు, కట్నం మాట కన్నా ముందే, పెళ్లయ్యాక తమ ధ్రువపత్రం ఎక్కడ పనికొస్తుందని అడుగుతున్నారు; సరైన జవాబు చెప్పగలిగినవారు మా ఒడ్డున తక్కువ.