మల్లిగన్ కోర్సు: చేతికి వచ్చేదెంత, కాగితం మీద మిగిలేదెంత

ఫిజియోలకు వారాంతపు వర్క్‌షాపుల కొదవ లేదు. కప్పింగ్, టేపింగ్, డ్రై నీడ్లింగ్... నెలకో కొత్త పోస్టర్ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. వాటిలో డబ్బు పెట్టి వెళ్లదగ్గవి ఏరమంటే, కీళ్ల నొప్పికి చేత్తో చేసే చికిత్స నేర్పే మల్లిగన్ కోర్సును ముందు వరుసలో పెట్టవచ్చు. టెక్నిక్ పనిచేసిందో లేదో టేబుల్ దగ్గరే, అప్పటికప్పుడే తేలిపోవడం దీని బలం. పది సిట్టింగులు అయ్యాక చూద్దాం అనే మాట ఇందులో ఉండదు.

1980ల నడుమ న్యూజిలాండ్ ఫిజియో బ్రయాన్ మల్లిగన్, వేలి కీలు బెణికిన ఒక పేషెంట్‌కు ఆ కీలును పక్కకు జరిపి పట్టుకుని వేలు వంచమన్నారు. నొప్పి లేకుండా వంగింది. పద్ధతంతా అక్కడి నుంచి పెరిగిందే. ఫిజియో గ్లైడ్ (కీలును ఇలా జరపడం) పట్టి ఉంచుతారు, నొప్పి పుట్టించే కదలికను పేషెంటే చేస్తారు. చేస్తున్నప్పుడు నొప్పి ఉండకూడదు, మార్పు వెంటనే కనపడాలి, ఆ మార్పు నిలవాలి. కోర్సులో దీన్ని 'పిల్' అంటారు (పెయిన్-ఫ్రీ, ఇన్‌స్టంట్, లాంగ్ లాస్టింగ్ మాటల మొదటి అక్షరాలు). మూడు నాలుగు సార్లు దిశ, బలం మార్చి చూసినా నొప్పి పోలేదంటే ఆ టెక్నిక్ ఆ పేషెంట్‌కు పనికిరాదు, వదిలేయాలి. ఎప్పుడు ఆపాలో ఇంత తేటగా చెప్పే కోర్సులు తక్కువ.

కోర్సు మామూలుగా రెండు భాగాలు: మెడ, భుజం, చేయి ఒకటి; నడుము, తుంటి, మోకాలు, చీలమండ ఒకటి. ఒక్కటే చేయగలిగితే ఏది? ఎముకల విభాగం ఓపీ చూసేవారు కింది భాగం తీసుకోవాలి. మన పేషెంట్ల ఫిర్యాదుల్లో సగం బాసింపట్టు వేసుకోలేకపోతున్నా, గొంతుకూర్చోలేకపోతున్నా, నమాజులో మోకాళ్ల మీద కూర్చోలేకపోతున్నా అనేవే. చేతి కేసులు ఎక్కువగా చూసే ఆక్యుపేషనల్ థెరపిస్టులకు మాత్రం పై భాగమే సరి. కట్టు విప్పాక బిగుసుకుపోయిన మణికట్టుకు, వేలి కీళ్లకు అందులో నేర్పేది మర్నాటి నుంచే పనికొస్తుంది.

మొత్తం కోర్సులో బాగా వంటబట్టేది టెన్నిస్ ఎల్బో (మోచేయి బయటి వైపు నొప్పి) టెక్నిక్. మోచేయి చాచి, అరచేయి కిందికి తిప్పి ఉంచాలి. ఒక చేత్తో భుజపుటెముక కింది కొసను బయటి వైపు నుంచి కదలకుండా ఆపి, రెండో చేత్తో కీలు గీతకు కాస్త దిగువన, లోపలి వైపు నుంచి అల్నాను (ముంజేతిలో చిటికెనవేలి వైపు ఎముకను) బయటికి నెట్టాలి. ఆ గ్లైడ్ అలాగే ఉండగా పేషెంట్ పిడికిలి బిగిస్తారు. ఇక్కడ తప్పులు ఎప్పుడూ ఒకేలా వస్తాయి. ఆపే చేయి సరిగ్గా నొప్పి ఉన్న ఎపికాండైల్ (మోచేయి పక్కన పొడుచుకొచ్చిన ఎముక) మీదే పడుతుంది. నెట్టే చేయి ఎముకను వదిలి కండను నలుపుతుంది. అన్నిటికన్నా ఎక్కువగా, పేషెంట్ పిడికిలి వదలకముందే గ్లైడ్ వదిలేస్తారు, నొప్పి చురుక్కుమంటుంది, పేషెంట్‌కు నమ్మకం పోతుంది. ముందు పిడికిలి వదలాలి, ఆ తర్వాతే గ్లైడ్. ఫలితం రాకపోతే బలం పెంచే ముందు కోణాన్ని ఒక ఐదు డిగ్రీలు ముందుకో వెనక్కో మార్చి చూడాలి. పిడికిలి బలం కొలిచే డైనమోమీటర్ లేని క్లినిక్‌లో బీపీ కఫ్‌ను చుట్టి 20 దాకా గాలి కొట్టి, నొప్పి మొదలయ్యే దాకా నొక్కమంటే చాలు. ముందూ వెనకా రీడింగు పేషెంట్ కళ్లెదుటే ఉంటుంది.

ఈ టెక్నిక్‌కు ఆధారం కూడా ఉంది. 2006లో బీఎంజే వైద్య పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా ట్రయల్‌లో 198 మందిని మూడు జట్లు చేశారు: స్టెరాయిడ్ ఇంజెక్షన్, ఈ మోచేయి టెక్నిక్‌తో పాటు వ్యాయామం, ఏమీ చేయకుండా ఆగడం. ఆరు వారాలకు ఇంజెక్షన్‌దే పైచేయి. ఆ తర్వాత ఆ జట్టులో నొప్పి తిరగబెట్టింది, ఫిజియో జట్టు మెరుగ్గా నిలిచింది. ఏడాదికి ఫిజియో జట్టుకూ, ఊరికే ఆగినవారికీ తేడా పెద్దగా లేదు. ఈ చివరి వాక్యాన్ని కూడా క్లాసులో చెప్పే ట్యూటర్ దొరికితే అదృష్టమే.

చీలమండకు నేర్పే బెల్టు టెక్నిక్ చూడ్డానికి తేలిక, చేయడానికి కష్టం. పేషెంట్ పాదం స్టూలు మీద ఉంటుంది. బెల్టును మడమ నరం మీదుగా, బెల్టు కింద స్పాంజి పెట్టి, పిక్క కింది భాగం చుట్టూ వేసి మన తుంటికి తగిలించుకోవాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న సందుతో టేలస్‌ను (చీలమండలో పాదం వైపు ఎముకను) వెనక్కి అదిమి, బెల్టుతో కాలి ఎముకను ముందుకు లాగుతూ, మోకాలిని ముందుకు వంచమనాలి. మోకాలు ముందుకు వచ్చేకొద్దీ ఎముక వాలుతుంది, బెల్టు దానికి లంబంగానే ఉండాలి కాబట్టి మన నడుము కూడా కదలాలి. ఉన్నచోటే నిలబడి లాగితే బెల్టు జారి కీలు మీదికి వస్తుంది. మడమ లేస్తే అది లెక్కలోకి రాదు. మోకాలు గోడకు తగిలేంత దూరాన్ని సెంటీమీటర్లలో కొలిచి ముందూ వెనకా రాసుకోవాలి. బెల్టు ఫీజులోనే ఉందో, విడిగా కొనాలో ముందే అడగండి. కారు సీటు బెల్టు పట్టీతో కుట్టించుకున్నా పని జరుగుతుంది, కాకపోతే బకిల్ బరువుకు జారనిదై ఉండాలి.

మెడ దగ్గరికి వచ్చేసరికి కోర్సు తొందరపడుతుంది. స్నాగ్‌లో, అంటే వెన్నుపూసకు చేసే గ్లైడ్‌లో, బొటనవేలి ఒత్తిడి ఫాసెట్ (పూసల మధ్య చిన్న కీలు) వాలు వెంబడి, కంటి వైపుకు పోవాలి. కొత్తవాళ్లు నేరుగా ముందుకు నెడతారు, నొప్పి పెరుగుతుంది, టెక్నిక్ పనిచేయదంటారు. కింద ఉన్న బొటనవేలు ఊరికే ఆనాలి, నెట్టే పని పై వేలిది. ఇది అలవాటు కాకపోతే రెండు వారాల్లో మన వేలి కీలే నొప్పి పెడుతుంది. మెడ నుంచి వచ్చే తలనొప్పికి పట్టీతో ఇంట్లో చేసుకునే సెల్ఫ్ స్నాగ్ మాత్రం ఆణిముత్యం. మెడను పూర్తిగా ముందుకు వంచి తలను పక్కకు తిప్పే పరీక్షలో మామూలుగా 44 డిగ్రీల దగ్గర తిరగాలి. 32 దాటడం లేదంటే సీ1–సీ2 (మెడలో పై రెండు పూసలు) దగ్గర పట్టేసినట్టు. అలాంటివారికే ఈ సెల్ఫ్ స్నాగ్ నేర్పాలి, అదీ రోజుకు రెండు పూటలే. ఎక్కువ చేస్తే త్వరగా తగ్గుతుందని పేషెంట్ గంటకోసారి లాగుతారు, మర్నాడు తల పట్టుకుని వస్తారు.

మెడ మీద చేయి వేసే ముందు చూడాల్సినవాటికి క్లాసులో కేటాయించే సమయం చాలదు. తల తిరగడం, రెండుగా కనపడటం, మాట తడబడటం, మింగలేకపోవడం, ఉన్నట్టుండి కూలబడటం అడగాలి. బీపీ చూడాలి. రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవారి పైమెడ జోలికి పోకూడదు. ఇది ఇంట్లో చదువుకుని వెళ్లాల్సిన పాఠం.

ఇంకో లోటు అన్ని చేతి టెక్నిక్ కోర్సులకూ ఉన్నదే. ప్రాక్టీసుకు దొరికే జోడీ పాతికేళ్ల ఆరోగ్యవంతుడు. నొప్పే లేనివాడి మీద నొప్పి పోయిందో లేదో ఎలా తెలుస్తుంది? చేతులు ఎక్కడ పెట్టాలో వస్తుంది, ఎప్పుడు కోణం మార్చాలో రాదు. అందుకే చేరేముందు రెండు ప్రశ్నలు వేయండి: ఒక ట్యూటర్‌కు ఎంతమంది, అసలు పేషెంట్ మీద చూపిస్తారా. హాల్లో యాభైమందిని కూర్చోబెట్టి స్క్రీన్ మీద చూపేదైతే ఆ డబ్బు దాచుకోవడం మేలు. పాత బెణుకుతో చీలమండ బిగిసిన వాళ్లెవరైనా బ్యాచ్‌లో ఉంటే వాళ్లతోనే జోడీ కట్టండి.

కీలు కాస్త పక్కకు జరగడం వల్లే నొప్పి అనే వివరణ వింటే నోట్సు పక్కన ప్రశ్నార్థకం పెట్టుకోండి. ఫలితం నిజమే కానీ, దానికి నాడీవ్యవస్థలో నొప్పి తగ్గే తీరే ఎక్కువ కారణమని ఇప్పుడు చాలామంది భావిస్తున్నారు. పేషెంట్‌తో 'ఎముక జరిగింది, సరిచేశాను' అనకపోవడమే మంచిది. ఆ మాటతో నెలనెలా 'సరిచేయించుకోవడానికి' వచ్చేవాళ్లు తయారవుతారు.

వర్క్‌షాపు అయ్యాక ఇచ్చేది హాజరు సర్టిఫికెట్. సర్టిఫైడ్ మల్లిగన్ ప్రాక్టీషనర్ అనిపించుకోవాలంటే కోర్సులన్నీ చేసి విడిగా పరీక్ష నెగ్గాలి. రెండూ ఒకటేనన్నట్టు రాసే పోస్టర్లుంటాయి, ట్యూటర్‌కు మల్లిగన్ కాన్సెప్ట్ టీచర్స్ అసోసియేషన్ గుర్తింపు ఉందో లేదో దాని వెబ్‌సైట్‌లో చూసుకోండి. అమెరికాలో పనిచేసే మనవాళ్లు సెలవుల్లో వచ్చి ఇక్కడ చేసేద్దామనుకుంటే ముందు తమ లైసెన్సు బోర్డు ఒప్పుకుంటుందో లేదో కనుక్కోవాలి. టెక్సస్‌లో ఫిజియోకు రెండేళ్లకు 30 శిక్షణ యూనిట్లు కావాలి, ఆక్యుపేషనల్ థెరపిస్టుల సర్టిఫికేషన్ బోర్డు ఎన్‌బీసీఓటీకి మూడేళ్లకు 36. సర్టిఫికెట్ మీద తేదీలు, గంటలు, ట్యూటర్ పేరు, అర్హత ఉండేలా ఆఖరి రోజే అడిగి రాయించుకోండి. ఒక సీఈయూ (నిరంతర విద్య యూనిట్) అంటే పది గంటలు, సీఈయూనూ గంటనూ ఒకటిగా రాసిన కాగితాలు తిరిగి వస్తుంటాయి.