మాజ్దా ఎంఎక్స్-5: ఏళ్ల తరబడి నడిపాక

స్పోర్ట్స్ కారు కొన్నానంటే అందరూ ముందు అడిగేది "హార్స్‌పవర్ ఎంత?" అనే. నాది మియాటా అని పిలుచుకునే మాజ్దా ఎంఎక్స్-5, నాలుగో తరం, రెండు లీటర్ల ఇంజిన్, మాన్యువల్ గేర్లు. టర్బో లేదు. 184 హార్స్‌పవరే. తిన్నటి రోడ్డు మీద మంచి టర్బో సెడాన్ ఏదైనా దీన్ని దాటేసి పోతుంది, చాలాసార్లు పోయాయి కూడా. అయినా ఇన్నేళ్లు వాడాక, అసలు సిసలు స్పోర్ట్స్ కారు ఏదంటే దీన్నే చూపిస్తాను.

కారణం బరువు. ఇది 1,100 కిలోల లోపే. ఇప్పటి పెద్ద ఫ్యామిలీ సెడాన్లు చాలావరకు 1,500 దాటేశాయి. ఆ తేడా యాక్సిలరేటర్ తొక్కినప్పటికన్నా మలుపులో బాగా తెలుస్తుంది. బ్రేక్ వేస్తే ముక్కు కాస్త దిగి బరువు ముందు టైర్ల మీద పడుతుంది. బ్రేకును ఒక్కసారిగా వదిలేయకుండా, పాదాన్ని మెల్లగా పైకి తీస్తూ స్టీరింగ్ తిప్పితే ముక్కు చక్కగా మలుపు లోపలికి తిరుగుతుంది. తొందరపడి వదిలేశారా, ముందు టైర్ల పట్టు తగ్గి కారు బయటికి జరుగుతుంది. కూర్చునేది దాదాపు వెనక చక్రాల ముందే కాబట్టి ఇదంతా నడుముకే తెలిసిపోతుంది. దీనికి పెద్ద స్పీడు కూడా అక్కర్లేదు. బాగా పవర్ ఉన్న కార్లలో ఇంత సరదా రావాలంటే లైసెన్స్ మీద ఆశ వదులుకోవాలి.

బాడీ రోల్ ఎక్కువని దీన్ని తిట్టేవాళ్లున్నారు. నిజమే, స్ప్రింగులు మెత్తన, మలుపులో ఒరుగుతుంది. నాకది నచ్చుతుంది. ఎంత ఒరిగిందన్న దాన్ని బట్టి టైర్లలో ఇంకా ఎంత పట్టు మిగిలిందో అంచనా వేసుకోవచ్చు. సస్పెన్షన్ బిగించేసిన కార్లలో చాలాసార్లు పట్టు పోయాకే విషయం తెలుస్తుంది. స్టీరింగ్ మాత్రం ఎలక్ట్రిక్. పాత హైడ్రాలిక్ స్టీరింగ్‌లా రోడ్డు సంగతులన్నీ చేతికి చెప్పదు. ఆ లోటు నాకింకా తీరలేదు.

గేర్ లివర్ సంగతి వేరు. మణికట్టు కదిపితే చాలు, టక్కున పడుతుంది. ఒక్కోసారి అవసరం లేకపోయినా గేరు మారుస్తుంటాను. 2019 మోడల్ నుంచి ఈ ఇంజిన్ 7,500 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) దాకా తిరుగుతుంది, అంతకుముందు 6,800 దగ్గరే ఆగేది. నాది ఆ మార్పు తర్వాతిదే. పాతది కొనాలనుకుంటే రెండూ నడిపి చూడండి.

స్పోర్ట్స్ కారంటే రెండే సీట్లుండాలి, ఇంజిన్ ఫలానా చోటే ఉండాలి అని రూల్స్ పెట్టేవాళ్ల మాట నాకు ఎక్కదు. పోర్షె 911కి వెనక చిన్న సీట్లున్నాయి, ఇంజిన్ వెనక ఇరుసుకి అవతల వేలాడుతుంది. అది స్పోర్ట్స్ కారు కాదని ఎవరనగలరు? 1996లో వచ్చిన లోటస్ ఎలీజ్‌కి 118 హార్స్‌పవరే, బరువు సుమారు 725 కిలోలు. పేరు మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. సున్నా నుంచి వంద కిలోమీటర్ల స్పీడు ఎన్ని సెకన్లలో అన్న లెక్క నాలుగు రోజులకే పాతబడుతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. డిక్కీ 130 లీటర్లు, ఇద్దరికి రెండు చిన్న బ్యాగులు, అంతే. గ్లోవ్ బాక్స్ లేదు. పైకప్పు మడిచేసే బట్ట టాప్ కాబట్టి హైవే మీద ఫోన్ మాట్లాడాలంటే అరవాలి. ఇంట్లో ఇదొక్కటే కారు అయితే వద్దనే చెబుతాను.

సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నవాళ్లు ఇంజిన్ కన్నా ముందు సీట్ల వెనక కార్పెట్ తడిమి చూడండి. టాప్ మీది వాన నీళ్లు బయటికి పోయే సన్నటి గొట్టాలు ఆకులు, మట్టి చేరి మూసుకుపోతే నీళ్లు లోపలికే దిగుతాయి. చెమ్మ తగిలిందంటే ఆ కారును వదిలేయండి, ఇంకోటి దొరుకుతుంది.