రీల్స్, షార్ట్స్: అక్కయ్యపాలెం లేడీస్ టైలర్ రివ్యూ

ముందే మార్కులు వేసేస్తాను, చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు. జాకెట్టు మోడల్ వెతుక్కోడానికి ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌కి ఐదుకి నాలుగున్నర, యూట్యూబ్ షార్ట్స్‌కి నాలుగు. కుట్టు నేర్చుకోడానికి రెండింటికీ కలిపి ఒకటి, అదీ మొహమాటానికి. షాపుకి గిరాకీ తెచ్చిపెట్టడంలో రెండు. ఇంటర్ చదివే పిల్ల చేతిలో పెట్టడానికి ఎంత వెయ్యాలో మాత్రం ఒక్క అంకెలో తేలే సంగతి కాదు, కింద రాస్తాను.

నాది విశాఖపట్నం అక్కయ్యపాలెంలో లేడీస్ టైలరింగ్ షాపు. కుట్టు మిషన్లు, గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ ఒకటి, వెనక గదిలో ఎంబ్రాయిడరీ చేసే మగ్గం. నా దగ్గర పని నేర్చుకునే అమ్మాయిలు ఇద్దరు. వాళ్ళ ఫోన్లు, వచ్చే పెళ్ళికూతుళ్ళ ఫోన్లు, ఇంటికెళ్తే మా పాప ఫోను, ఇవి కాక నాదొకటి. పొద్దున్న షట్టర్ ఎత్తింది మొదలు రాత్రి దించేవరకూ ఎవరో ఒకరి చేతిలో ఈ చిన్న వీడియోలు నడుస్తూనే ఉంటాయి. కాబట్టి ఈ రివ్యూ రాసే హక్కు నాకుంది.

పూర్వం షాపులో డిజైన్ల పుస్తకాలుండేవి. అట్టలు ఊడిపోయి, పేజీల మూలలు నల్లబడిపోయి ఉండేవి. వచ్చినవాళ్ళు అవే బొమ్మలు అటూ ఇటూ తిప్పి, విసుగొచ్చి, ‘ఆ పాట్ నెక్కే పెట్టెయ్యమ్మా’ అని వెళ్ళిపోయేవారు. ఇప్పుడు గుమ్మం ఎక్కకముందే ఫోను బయటికొస్తోంది. ‘అక్కా, అచ్చం ఇలాగే కావాలి.’ నిజం చెప్పాలంటే ఇది నాకు సుఖం. ఫొటోలో తెలియనివి వీడియోలో తెలుస్తాయి. చెయ్యెత్తితే చంక దగ్గర గుడ్డ లాగుతోందా, నడుస్తుంటే వెనక తాళ్ళకి వేలాడే లట్కన్లు ఎంత బరువుగా ఊగుతున్నాయి, చేతుల నెట్టు కింద లైనింగ్ ఎక్కడిదాకా వచ్చి ఆగింది, ఇవన్నీ ఇదివరకు నేను ఊహించి కుట్టాల్సి వచ్చేది. నాలుగున్నర వేసింది అందుకే.

ఆ అర మార్కు కోసిందెందుకంటే, ఆ వీడియోల్లో చాలా జాకెట్లు కెమెరాకి కనబడని వైపు పిన్నులు పెట్టి బిగించినవి. బొమ్మకి తొడిగినదైతే వీపు వెనక క్లిప్పులుంటాయి. అది చూసి, మన వంటి మీద కూడా అలాగే అతుక్కుపోవాలంటే కుదరదమ్మా. పెళ్ళిలో కూర్చోవాలి, వంగి కాళ్ళకి దణ్ణాలు పెట్టాలి, భోంచెయ్యాలి. లూజు వదలమని నేను, వద్దని వాళ్ళు. మధ్యలో వాళ్ళమ్మగారు, ‘టైలరమ్మ చెప్పినట్టు వినవే’ అంటూ. ఈ గొడవ ఇప్పుడు ప్రతి పెళ్ళి ఆర్డరుకీ ఉంది.

ఇంకో వింత గమనించాను. రీల్‌లో అమ్మాయి తప్పకుండా ఒకసారి వెనక్కి తిరుగుతుంది. దాంతో జాకెట్టు మీద పెట్టే డబ్బంతా వీపు మీదకి చేరిపోయింది. వెనక మెడ చుట్టూ కట్ వర్కు, మధ్యలో పల్లకీయో నెమళ్ళో, కింద గుత్తులు గుత్తులుగా లట్కన్లు. ముందు మెడకి సన్నని పైపింగ్ వేస్తే చాలంటున్నారు, ఎలాగూ పమిట కప్పేస్తుందిట. ఆదివారం సాయంత్రం రుషికొండ వైపో భీమిలి వైపో వెళ్తే నేను కుట్టిన లంగాఓణీ ఏదో ఒకటి ఇసకలో ఈడ్చుకుంటూ కనబడుతుంది. ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ ముందు ఫోను స్టాండు పాతి, ఒకే తిరుగుడు చీకటిపడేదాకా తిరుగుతుంటారు. వాళ్ళ సరదా వాళ్ళది. కానీ అలల్లో తడిపి నల్లబడిన జరీ అంచు పట్టుకుని నా దగ్గరికి రాకండి. ఉప్పునీళ్ళు తాగిన జరీకి నా దగ్గర మందు లేదు.

రెండు యాప్‌లకీ తేడా అడిగేవాళ్ళకి: నచ్చినవాటిని పేర్లు పెట్టి విడివిడిగా దాచుకోడానికి రీల్స్ బాగుంది. నా ఫోన్లో ‘బోట్ నెక్’, ‘పఫ్ చేతులు’, ‘చిన్నపిల్లల పట్టులంగాలు’ అని వేరువేరుగా ఉన్నాయి. షార్ట్స్‌లో నోటితో తెలుగులో అడిగినా వెతికిపెడుతుంది, చేతికి చాక్ పొడి అంటుకున్నప్పుడు అది పెద్ద సాయం. మోజ్, జోష్ కూడా పెట్టుకుని చూశాను. నా పనికి కావలసిన సరుకు వాటిలో తక్కువ, తీసేశాను.

టిక్‌టాక్ సంగతి ఎవరైనా ఎత్తితే మా షాపులో ఇప్పటికీ నిట్టూర్పులే. అప్పట్లో నా దగ్గర పనిచేసిన అమ్మాయికి అందులో మంచి పేరుండేది. 2020 జూన్ 29న కేంద్రం 59 యాప్‌లని ఆపేసింది, అందులో అదీ పోయింది. లాక్‌డౌన్ రోజులు, పనీ లేదు, ఆ పిల్లకి ఇంట్లో మనిషి పోయినంత దిగులు. పది రోజులు తిరక్కుండా జులై 8న మన దేశంలో రీల్స్ మొదలెట్టారు. సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ వచ్చింది, దాన్ని మొదట ప్రయత్నించింది మన దగ్గరే. ఖాళీ అయిన కుర్చీలో ఎంత తొందరగా వచ్చి కూర్చున్నారో చూడండి. ఆ అమ్మాయి మాత్రం మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కాల్సి వచ్చింది, ఎక్కలేదు, పెళ్ళి చేసుకుని అనకాపల్లి వెళ్ళిపోయింది.

ఇవి మనకేం చూపించాలో ఎలా తేల్చుకుంటాయన్నది నాకు ఒక మధ్యాహ్నం తెలిసొచ్చింది. కటింగ్ బల్ల మీద ఫోను పెట్టి పట్టు జాకెట్టు మీద వంగిపోయాను. తెర మీద మేకల పెంపకం రీల్ ఒకటి వచ్చి ఆగింది. నేను కత్తెర వదల్లేదు, అది అలా మళ్ళీ మళ్ళీ మొదట్నుంచి తిరుగుతూనే ఉంది. ఆ తరవాత కొన్నాళ్ళు నాకు మేకలే. పోతు మేకలు, మేకల షెడ్లు, మేకలకి వేసే టీకాలు. లైక్ కొట్టానా లేదా అన్నదొక్కటే కాదు దానికి కావలసింది, ఎంతసేపు ఆగానన్నది ముఖ్యం. ఇన్‌స్టాగ్రామ్ పెద్ద ఆడమ్ మొస్సేరీ కూడా 2025లో ఇదే చెప్పాడు: ఎంతసేపు చూశారు, ఎందరు లైక్ కొట్టారు, ఎందరు వేరేవాళ్ళకి పంపారు, ఈ మూడూ ముఖ్యమని. మీకు అక్కర్లేనిది వస్తే తిట్టుకుంటూ చూడకండి, వెంటనే తోసెయ్యండి. తిట్టుకుంటూ చూసినా చూసినట్టే దాని లెక్క.

ఇప్పుడు నేను ఒక మార్కు వేసిన సంగతి. ‘ఐదు నిమిషాల్లో జాకెట్టు కటింగ్’ అని వస్తాయి కదా, నలభై సెకన్ల వీడియోలో. గుడ్డని నాలుగు మడతలు వేస్తారు, గీత గీస్తారు, కరకరా కోస్తారు, తరవాత క్షణంలో జాకెట్టు వేసుకుని నవ్వుతూ నిలబడతారు. నా దగ్గర నేర్చుకునే చిన్నమ్మాయి అదే చూసి కాటన్ ముక్క మీద కోసింది. వేసుకుని చూస్తే ముందువైపు చంక దగ్గర మడతలు మడతలుగా గుడ్డ పోగుపడింది. ‘ఏటక్కా ఇలగొచ్చింది, వీడియోలో బాగుంది కదా?’ అంది.

వీడియోలో ఎగిరిపోయింది ఏంటంటే, చంక రౌండ్ ముందుకీ వెనక్కీ ఒకేలా ఉండదు. వెనక భాగం కన్నా ముందు భాగాన్ని సుమారు అర అంగుళం లోపలికి తియ్యాలి, మన భుజాలు, చేతులు కదిలేది ముందుకి కాబట్టి. చెయ్యి ముక్కకి కూడా ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి ఉంటాయి, తిరగేసి కుడితే చెయ్యి పైకి లేవదు. నాలుగు మడతల మీద ఒక్క కోతలో కోసేస్తే నాలుగూ ఒకేలా వస్తాయి. ఆ పిల్లని పక్కన నిలబెట్టి, మడత విప్పించి, ముందు భాగం రెండు పొరల మీదే చాక్‌తో కొత్త గీత గీయించాను. భుజం దగ్గర కలిసి, మధ్యలో లోపలికి వచ్చి, చంక కింద మళ్ళీ కలవాలి. ఆ వంపు చేతికి రావడానికి నాకు మా గురువుగారి దగ్గర చాలా పాత దుప్పట్లు పాడయ్యాయి. ఆ వంపు దగ్గరే వీడియో వేగం పెంచేస్తున్నారు, చూసేవాడికి విసుగొస్తుందని.

టైము లేక అనుకోడానికి లేదు. 2024 అక్టోబర్ నుంచి షార్ట్స్, ఆ తరవాత 2025 జనవరి నుంచి రీల్స్ మూడు నిమిషాల దాకా ఒప్పుకుంటున్నాయి. మూడు నిమిషాల్లో ఒక్క చంక రౌండ్ నిదానంగా చూపించొచ్చు. అలా చూపించేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఎందుకంటే చూసేవాళ్ళు మొదటి మూడు సెకన్లలోనే తోసేస్తున్నారు. ఒక్క మంచి సదుపాయం ఉంది: షార్ట్ కింద పూర్తి వీడియోకి లింకు పెట్టుకోనిస్తుంది యూట్యూబ్. నేర్చుకోవాలంటే అది నొక్కి పెద్ద వీడియోకి వెళ్ళండి. టేపూ చాకూ పక్కన పెట్టుకుని ఆపుకుంటూ చూస్తే వాటికి నేను ఐదు వేస్తాను.

గిరాకీ సంగతి. మన ఊళ్ళో షాపులకి రీల్స్ తీసిపెట్టే కుర్రాళ్ళు ఇప్పుడు వీధికొకరు. ఒకతను వచ్చి, షాపంతా తిప్పి తీసి, ‘వైజాగ్‌లో బెస్ట్ మగ్గం వర్క్, ధర వింటే షాకవుతారు’ అని గొంతు కలిపి పెట్టాడు. ధర విని షాకయ్యే షాపు కాదు నాది, పక్క వీధిలో ఎంతో ఇక్కడా అంతే. వ్యూస్ బాగానే వచ్చాయి. ఫోన్లు కూడా వచ్చాయి, కర్నూలు నుంచి, నిజామాబాద్ నుంచి. ‘మేడం, కొరియర్ చేస్తారా?’ కొలతకి ఆది జాకెట్టు లేకుండా నేను ఏం కుట్టి కొరియర్ చెయ్యను? సీతమ్మధార నుంచి ఇద్దరు ముగ్గురు వచ్చారు, అది మేలే. పైగా వ్యూస్ అంటే ఏంటో కూడా తెలుసుకోండి. 2025 మార్చి 31 నుంచి షార్ట్స్‌లో వీడియో మొదలైతే చాలు, మళ్ళీ తిరిగితే కూడా, ఒక వ్యూ కింద లెక్క. లక్ష వ్యూస్ అంటే లక్షమంది మన గుమ్మం ముందు నిలబడినట్టు కాదు. నా మటుకు నాకు, పెళ్ళిలో ఒకావిడ వీపు చూసి ఇంకొకావిడ ‘ఎక్కడ కుట్టించావు?’ అని అడిగిందే ఇప్పటికీ పెద్ద ప్రమోషన్.

డబ్బులొస్తాయని ఆశపడే పిల్లలకీ ఒక మాట. ఒక్క షార్ట్స్‌నే నమ్ముకుని ప్రకటనల డబ్బులో వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో కోటి వ్యూస్ ఉండాలి. ఆ పైన పంపకాల లెక్కలో మీ భాగానికి వచ్చినదాంట్లో 45 శాతం మీది. కుట్టుపని మానేసి వీడియోలు చేసుకుంటానని నా దగ్గర నేర్చుకునే పెద్దమ్మాయి అంటే ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. ఇప్పుడు కుడుతూ వీడియోలు చేస్తోంది.

ఇంత సణిగాక ఒకటి ఒప్పుకోవాలి. పెద్దవాళ్ళు ‘పనికిమాలిన వీడియోలు’ అని తీసిపారేస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. సినిమాల్లో మన ఉత్తరాంధ్ర యాస ఎక్కువగా నవ్వించడానికే వాడుకున్నారు, పనివాళ్ళకీ అమాయకులకీ అంటగట్టి. ఇప్పుడు శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు ‘ఏటి సేస్తన్నావే’ అని తమ ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడి, వంట చేసి, చేపలు కడిగి, అత్తగారిని వెక్కిరించి పెడుతున్నారు. మా షాపు పెద్దమ్మాయిది పలాస వైపు. షాపులో కొత్తల్లో కస్టమర్ల ముందు నోరు విప్పేది కాదు, యాస బయటపడుతుందని. ఇప్పుడు అదే యాసలో, మెడకి టేపు వేసుకుని, ఫోను ముందు కూర్చుని మాట్లాడుతోంది, కింద జనం ‘మా అమ్మ గుర్తొచ్చింది’ అని రాస్తున్నారు. దీనికి మార్కులు వెయ్యమంటే ఐదుకి ఆరు వేస్తాను.

ఇక మా పాప. ఇంటర్ రెండో సంవత్సరం. ఇన్‌స్టాగ్రామ్ 2025 ఫిబ్రవరిలో మన దేశంలో టీన్ అకౌంట్లు తెచ్చింది. పద్దెనిమిది నిండనివాళ్ళకి గంట దాటితే ‘ఇక చాలు’ అని గుర్తుచేస్తుంది, రాత్రి పది నుంచి పొద్దున్న ఏడు దాకా నోటిఫికేషన్లు మోగవు, పదహారు నిండనివాళ్ళు ఈ కట్లు సడలించుకోవాలంటే అమ్మానాన్నల అనుమతి కావాలి. పద్ధతి మంచిదే, పుట్టిన సంవత్సరం సరిగ్గా కొడితే. మా ఇంట్లో సరిగ్గానే ఉంది, నేను చూశాను. పక్కింటి కుర్రాడు పదిహేనేళ్ళకే అందులో ఇరవై రెండేళ్ళవాడు. యూట్యూబ్ కూడా 2025 అక్టోబర్‌లో షార్ట్స్‌కి రోజువారీ టైమర్ పెట్టుకోనిచ్చింది. టైము అయిపోయిందని చెబుతుంది, మనం పక్కకి తోసేస్తే ఊరుకుంటుంది. నా ఫోన్లో నేను తోసేస్తూనే ఉన్నాను.

పాప కెమిస్ట్రీ కొండగుర్తులు నేర్చుకున్నది షార్ట్స్‌లోనే, అది నిజం. అన్నం కలిపి ముద్ద చేతిలోనే ఎండిపోయేదాకా తెర చూస్తూ కూర్చున్నదీ నిజం. రోజుకి ఒకటిన్నర జీబీ డేటా సాయంత్రానికి అయిపోతే ‘అమ్మా, నీ హాట్‌స్పాట్’ అంటుంది. అరిస్తే, ‘నువ్వు మేకల వీడియోలు చూళ్ళేదా?’ అని నోరు మూయిస్తుంది. మార్కులంటారా, సెలవుల్లో మూడు, పరీక్షల ముందు సున్నా. అంతకన్నా కచ్చితంగా నేను చెప్పలేను.

రీల్ పట్టుకుని నా షాపుకి వచ్చేవాళ్ళకి: లింకు వాట్సాప్‌లో ముందే పంపండి, షాపులో కూర్చుని వెతకొద్దు. ఆది జాకెట్టు తప్పకుండా తెండి, అదీ ఈ మధ్య వేసుకున్నది. వెనక మెడ లోతు, చేతి పొడుగు మీ నోటితో చెప్పండి, మోడల్ భుజాలు మీ భుజాలు కావు. మగ్గం పని ఉంటే పదిహేను రోజులు, మామూలు జాకెట్టుకి వారం. శ్రావణమాసం ఆర్డర్లు ఆషాఢం చివరికల్లా ఇచ్చెయ్యండి, వరలక్ష్మీ వ్రతం ముందు రోజు రీల్ చూపించి రేపటికి కావాలంటే తీసుకోను.