కీహోల్ గార్డెన్ కిట్: గోడ ఓకే, బుట్టే దెబ్బకొట్టింది

నీళ్ళు పొదుపుగా వాడుకుంటూ కూరగాయలు పెంచుదామనుకునేవాళ్ళు ఈ కీహోల్ గార్డెన్ కిట్ల గురించి అడుగుతుంటారు కదా, ఒక సీజన్ పూర్తిగా వాడాక రాస్తున్నా. కంపెనీ పేరు చెప్పను, దాదాపు అన్ని కిట్లూ ఇదే తరహా.

బాక్సులో వచ్చేవి వంచిన రేకు ప్యానెళ్ళు, నట్లు బోల్టులు, మధ్యలో నిలబెట్టే ప్లాస్టిక్ మెష్ బుట్ట, ఒక కాగితం, అంతే. బిగిస్తే ఆరడుగుల వెడల్పున గుండ్రంగా, మోకాలు దాటే ఎత్తులో మడి రెడీ, ఒక పక్కనుంచి బుట్ట దాకా మనిషి నిలబడేంత సందు ఉంటుంది కాబట్టి పైనుంచి చూస్తే అచ్చం తాళం కన్నమే. ఆ సందులో నిలబడి ఒక చేత్తో బుట్టలో చెత్త వేస్తూ ఇంకో చేత్తో కలుపు పీకొచ్చు, మట్టి తొక్కే పనే లేదు, నడుము నొప్పి ఉన్నవాళ్ళకి ఇదొక్కటి చాలు నిజంగా. ఆరడుగులకన్నా పెద్దది తీసుకోకండి, మధ్యలో మొక్కలకి చెయ్యి అందదు.

ఐడియా కిట్ వాళ్ళది కాదులెండి, ఆఫ్రికా ఖండం దక్షిణ భాగానిది, అక్కడి లెసోతో అనే చిన్న దేశంలో అయితే ఇళ్ళ ముందు ఉత్త రాళ్ళు పేర్చి కట్టుకుంటారు. కిచెన్ చెత్త, వాడేసిన నీళ్ళు మధ్య బుట్టలో పడతాయి, అక్కడ కుళ్ళి, ఆ సారం నీళ్ళతో పాటు చుట్టూ మట్టిలోకి పాకుతుంది. అందుకే మట్టి బుట్ట దగ్గర ఎత్తుగా, గోడ వైపుకి వాలుగా పోయాలి.

ఇక్కడే నా కంప్లయింట్. బుట్ట సరిగ్గా గోడ ఎత్తే ఇచ్చారు! మట్టి మధ్యలో ఎత్తుగా పోయమని కాగితంలో వాళ్ళే రాసి, పోస్తే బుట్ట కనపడకుండా పూడిపోయే సైజు పంపితే ఏమనాలి. మట్టి పైన కనీసం అడుగు లేచి ఉండాలది. పైగా మెష్ కన్నాలు బొటనవేలు పట్టేంత, పక్క మట్టి లోపలికి జారి అడుగున పేరుకుపోయి, పోసిన నీళ్ళు పక్కలకి పోకుండా అక్కడే నిలబడి వాసన మొదలైంది. చివరికి అది పీకేసి నాలుగు కర్రలు పాతి చుట్టూ కోళ్ళ మెష్ చుట్టి, బయటవైపు ఎండుగడ్డి దట్టించా, అప్పట్నుంచి ఏ గొడవా లేదు. అంటే డబ్బులు పెట్టి కొన్నదాంట్లో అసలు పార్టు మనమే చేసుకోవాలన్నమాట.

"పైన నీళ్ళు పోయనక్కర్లేదు" అని కాగితంలో ఉంది, నమ్మకండి. విత్తనాలకీ లేత నారుకీ పైనే పోయాలి, వేర్లు కిందకి దిగాకే బుట్ట నీళ్ళు పనికొస్తాయి. ఆ తర్వాత మాత్రం తేడా బాగా తెలుస్తుంది, పైన మట్టి పొడిపొడిగా ఉన్నా వేలు గుచ్చితే రెండు కణుపుల లోతులో చల్లగా తడి తగులుతుంది, పైన గడ్డి పరిస్తే ఇంకా మంచిది. ఎండ కొట్టే వైపు రేకు కాలిపోతుంది, ఆ అంచున మట్టి ముందే ఆరిపోతుంది, అక్కడ లేత ఆకుకూరలు పెట్టొద్దు. ఇటుకలైతే ఈ బాధ తక్కువ. బ్లీచింగ్ కలిసిన నీళ్ళు, ఉప్పు నీళ్ళు బుట్టలో పోయొద్దు, నూనె, మాంసం వేస్తే ఎలకలు వస్తాయి.

ఇంకోటి, మట్టి కిందకి దిగిపోతుంది. అడుగున అట్టలు, పుల్లలు, ఎండుటాకులు, పచ్చి చెత్త, పశువుల ఎరువు పొరలుగా వేసి పైన మట్టి పోస్తాం కదా, కుళ్ళేకొద్దీ జానెడు దిగింది, మళ్ళీ నింపుకోవడమే, అది కిట్ తప్పు కాదు. ఎండు సరుకు మరీ ఎక్కువైతే అది కుళ్ళడానికే నత్రజని లాగేసుకుని మొక్కల ఆకులు పసుపు రంగుకి తిరుగుతాయి, అప్పుడు ఎరువు కాస్త పెంచాలి.

డాబా మీద పెట్టొచ్చా అంటే వద్దనే అంటాను. ఈ సైజు మడిలో దాదాపు ఒకటిన్నర ఘనమీటర్ల సరుకు పడుతుంది, తడిస్తే టన్ను దాటుతుంది, ఇంజనీరుకి చూపించకుండా ఆ బరువు స్లాబు మీద పెట్టకండి.

పాత ఇటుకలో రాళ్ళో ఇంట్లో పడుంటే కిట్ కొనక్కర్లేదు. అవేం లేక, పని త్వరగా అయిపోవాలంటే కొనండి, బిగించడానికి ఒక పూట చాలు. ఐదుకి మూడు ఇస్తున్నా, రెండు బుట్ట కోసమే కోశా. ఆర్డర్ పెట్టే ముందే ఎండుటాకులు, అట్టలు పోగెయ్యడం మొదలెట్టండి, ఆ మడి మింగే సరుకు చూస్తే కళ్ళు తిరుగుతాయి.