కెండో కోసం క్యోటోలో పన్నెండు రోజులు

మా అమ్మాయి షినాయ్ పొడవు సుమారు 110 సెంటీమీటర్లు. నాలుగు వెదురు బద్దలను తోలుతో, తాడుతో బిగించి చేసిన ఆ కత్తిని జపాను కత్తిసాము కెండోలో వాడతారు. విమానంలో దాన్ని వెంట ఉంచుకోనివ్వరు, మామూలు పెట్టెలో పట్టదు. బెంగళూరులో విడిగా సంచికట్టి సామానులో వేశాం. టోక్యో దగ్గరి నరిత విమానాశ్రయంలో దిగాక బెల్టు దగ్గర ముప్పావు గంట ఎదురుచూశాం. పొడవాటి సామాను ఇచ్చే చోటు పక్కన వేరే ఉందని ఆ తర్వాత తెలిసింది. మీ పిల్లలకూ ఇలాంటి సామాను ఉంటే నేరుగా అక్కడికే వెళ్ళండి.

అమ్మాయికి పదకొండేళ్ళు. మూడేళ్ళుగా కెండో నేర్చుకుంటోంది. మా ఆవిడకు సెలవు దొరకక మేమిద్దరమే వెళ్ళాం. మన వేసవి సెలవులకూ జపానులో ఏప్రిల్ చివర మొదలయ్యే వరుస సెలవులకూ ముడిపడటంతో గది అద్దె మామూలు రోజులకు రెట్టింపు పలికింది. అయినా ఆ రోజులనే ఎంచుకున్నాను. మే 2 నుంచి 5 వరకు క్యోటోలోని బుతోకుదెన్ అనే పాత యుద్ధవిద్యల మందిరంలో పెద్ద గురువులంతా చేరి ప్రదర్శన ఇస్తారు. అది చూడాలంటే ఆ ధర భరించక తప్పదు.

బస విషయంలో మొదట పొరపాటు చేశాను. రైల్వే స్టేషన్ పక్కనే ఉంటే సుఖమని ఒక హోటల్‌లో గది తీసుకున్నాను. పెట్టె తెరిస్తే నడవడానికి చోటు లేదు. కెండో బట్టలకు నీలిమందు రంగు వేస్తారు, తడిస్తే కారుతుంది. ఆరేసే చోటు లేక కుర్చీ మీద వేస్తే దుప్పటికి నీలం అంటుకుంది, దానికి డబ్బు కట్టించుకున్నారు. దోజోకు, అంటే సాధనశాలకు, వెళ్ళే బస్సు సెలవు రద్దీలో ముప్పావు గంట పట్టేది. మూడోరోజే మరుతమాచి వీధి వైపు ఒక పాత చెక్క ఇంట్లోకి మారాం. బట్టలు ఉతికే యంత్రం, దండెం కట్టిన చిన్న పెరడు, అన్నం వండుకునే కుక్కర్ ఉన్నాయి. నడిస్తే దోజో పది నిమిషాలు. స్నానాలగది ఇరుకే, మెట్లు నిటారుగా ఉన్నాయి, అయినా నాకు అదే నచ్చింది. పిల్ల అలసిపోయి వచ్చినప్పుడు ఇల్లు దగ్గరగా ఉండటం కంటే పెద్ద వసతి లేదు.

దోజోకు ఎవరంటే వారు నేరుగా వెళ్ళి చేరడానికి లేదు. బెంగళూరులోని మా గురువుగారు ఫిబ్రవరిలోనే ఉత్తరం రాశారు, జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది. అది పేటలోని పిల్లల దోజో. సాయంత్రం ఆరింటికి మొదలు. ముందు నేల తుడవాలి. తడిగుడ్డ మీద రెండు అరచేతులూ ఆనించి, నడుము పైకెత్తి, ఈ గోడ నుంచి ఆ గోడకు పరుగెత్తాలి. తర్వాత స్థాయిని బట్టి వరుసలో మోకాళ్ళ మీద కూర్చుంటారు. మా అమ్మాయికి చివరి చోటు దక్కింది, పక్కన ఏడేళ్ళ కుర్రవాడు. ఆమె ముఖం చిన్నబోవడం చూశాను.

అక్కడి గురువును సెన్సే అంటారు, ఆయనకు డెబ్భై దాటి ఉంటాయి. మొదటిరోజే మా అమ్మాయి ఎడమ పాదం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, పక్కకు తిరిగిన వేళ్ళను రెండు చేతులతో ముందుకు తిప్పి పెట్టారు. "అషి" అన్నారు. పాదం అని అర్థం. నాలుగు రోజులు ముసుగు తొడగనివ్వలేదు, దెబ్బ కొట్టనివ్వలేదు, అడుగులే వేయించారు. మూడోరోజుకు ఎడమ అరికాలు బొబ్బలెక్కింది. ఒక పిల్లవాడి తల్లి టేపు ఎలా చుట్టాలో చూపించింది. "నాన్నా, మూడేళ్ళు తప్పు కాలితో నిలబడ్డానా?" అని ఆ రాత్రి అడిగింది. నాకు జవాబు తోచలేదు. మర్నాడు తనే ముందు బయలుదేరింది.

ఒకరోజు ఆమె షినాయ్‌లో ఒక బద్ద అంచున చిన్న పేడు లేచింది. సెన్సే పాఠం ఆపి, కత్తిని పూర్తిగా విప్పి, పేడును చిన్న చాకుతో గీకి, నూనె రాసి మళ్ళీ కట్టారు. ఆ పేడు ముసుగు ఊచల మధ్య నుంచి ఎదుటివారి కంట్లో గుచ్చుకోవచ్చు. అప్పటి నుంచి మా అమ్మాయి రోజూ బద్దలను వేలితో తడిమి చూసుకుంటోంది.

ఫీజు తీసుకోలేదు. మా అమ్మ పంపిన ఆత్రేయపురం పూతరేకులు ఇచ్చాం. బియ్యంతో చేసినవని చెబితే సెన్సే ఒక రేకును దీపం వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు.

బుతోకుదెన్ హెయాన్ మందిరానికి దగ్గరలోనే ఉంది, 1899లో కట్టిన చెక్క భవనం. చెప్పులు విప్పి నేల మీద కూర్చోవాలి, పొద్దున్నే వెళితేనే చోటు. చివరిరోజు వంతు ఎనిమిదో దాన్ వారిది, కెండోలో పరీక్షతో దక్కే అన్నిటికంటే పై స్థాయి అది. ఆ పరీక్షకు 46 ఏళ్ళు నిండాలి, వందమందిలో ఒకరు నెగ్గడమే గగనం. ఇద్దరు ముసలివారు కత్తుల మొనలు తాకీ తాకకుండా నిలబడి ఎంతకీ కదలలేదు. ఉన్నట్టుండి ఒక్క దెబ్బ. అమ్మాయి నా చేయి గట్టిగా పట్టుకుంది.

పర్యాటకుల కోసం గంటసేపు సమురాయ్ వేషం వేయించి కత్తి పట్టించే చోటికీ వెళ్ళాం. ఫోటోలు బాగా వచ్చాయి. నేర్చుకునే పిల్లలకు అక్కర్లేదు.

ఒక్కరోజు మాత్రం కత్తివిద్యకు పేరుపడ్డ యగ్యూ వంశం వారి ఊరు యగ్యూ గ్రామానికి కేటాయించండి. నారా నుంచి బస్సులో సుమారు 50 నిమిషాలు. బస్సులు చాలా తక్కువ, తిరుగు బస్సు వేళ ముందే రాసుకోవాలి. అడవిలో నడిమికి చీలిన ఏడు మీటర్ల బండ ఉంది. 16వ శతాబ్దంలో యగ్యూ మునెతోషి తెంగు అనే అడవి భూతంతో పోరాడి ఒక్క వేటు వేస్తే, రెండుగా చీలింది ఈ బండేనని కథ. తోలుసంచిలో వెదురు తొడిగిన సాధన కత్తిని ఆ వంశం వాడింది, నేటి షినాయ్‌కి అదే పూర్వరూపం. బండ ముందు మా అమ్మాయి చెప్పులు విప్పి, ఎడమ పాదం సరిచూసుకుని నిలబడింది.

తిండికి శాకాహారులు జాగ్రత్తపడాలి, పులుసులన్నిటిలో దాదాపుగా ఎండుచేప సారం ఉంటుంది. కందిపొడి, పెరుగు, ఉప్పులో ఊరిన ఉమె పండు పెట్టిన అన్నం ముద్దలతో మాకు గడిచిపోయింది.

వెళ్ళేరోజు సెన్సే మళ్ళీ రమ్మన్నారు. వచ్చే ఏడు అమ్మాయికి పన్నెండు నిండుతాయి. రైల్లో సగం టికెట్టు ఉండదు, షినాయ్ కూడా 37 సైజుకు మార్చాలి. అవన్నీ లెక్కవేసి ఈ నెల నుంచే డబ్బు పక్కన పెడుతున్నాను.