“డెల్టా బ్లూస్ స్పెషల్” తీగలు కొనబోతున్నారా? ఆగండి

సిగార్ బాక్స్ గిటార్ (చుట్టల పెట్టెతో చేసిన మూడు తీగల గిటార్) వాయించేవాళ్ళు ఆ “డెల్టా బ్లూస్ స్పెషల్” మూడు తీగల సెట్ జోలికి పోకండి. షాపు పేరు చెప్పను, మెంఫిస్‌లో ఉన్న మనవాళ్ళకి చెప్పక్కర్లేదు కూడా. 22 డాలర్లు, షిప్పింగ్ వేరే. బోడి మూడు తీగలకి!

బ్లూస్ సంగీతానికి పేరున్న మిసిసిపీ ఊరు క్లార్క్స్‌డేల్ వెళ్ళినప్పుడు ముచ్చటపడి ఈ డబ్బా గిటార్ కొన్నాను. దాని తీగలు తుప్పు పట్టాయి, కొత్తవి తెప్పించాను. అంతే కథ.

లావు తీగ నట్ (మెడ పైకొసన తీగలు ఆనే గాళ్ళ పట్టీ) గాడిలో దిగలేదు. మెసేజ్ పెడితే షాపువాడు “గాడి కాస్త అరగదీయండి, అందరూ చేసేదే” అన్నాడు. నేను బొబ్బిలి వీణలు చేసే గొల్లపల్లికి కూతవేటు దూరంలో పుట్టినవాణ్ణి. అయినా ఒక్కమాట ఎదురడక్కుండా, బుద్ధిగా ఆకురాయి పట్టుకుని అరగదీశాను. చెప్పుతో కొట్టుకోవాలి.

లావు తీగ నుంచి వరసగా జీ-డీ-జీ (G-D-G) స్వరాలకి శ్రుతి చేశాను. లావు తీగ జీ దాకా ఎక్కేసరికి ఇనప కడ్డీలా బిగిసింది. మిగతా రెండూ బట్టలారేసే దండెంలా వేలాడాయి. స్లైడ్ (తీగల మీద జార్చే గొట్టం) ఆనిస్తే చాలు, తీగ దిగిపోయి ఫ్రెట్‌కి, అంటే మెట్టుకి తగిలి టకటకమంటోంది.

అప్పుడు చూశాను తీగల చివరి గుండ్లు. ఇత్తడి రంగు, ఊదా, వెండి. డడారియో కంపెనీ గిటార్ తీగల ప్యాకెట్ ఎప్పుడైనా విప్పినవాళ్ళకి వెలిగే ఉంటుంది. ఆరు తీగల గిటార్ సెట్‌లో ఇత్తడి ఆరో తీగ, ఊదా రెండోది, వెండి ఒకటోది. మరి ఎరుపు, నలుపు, ఆకుపచ్చ ఏవీ? అయిదు, నాలుగు, మూడు. జీ-డీ-జీకి కావలసినవి సరిగ్గా ఆ మూడే! వాడి దగ్గరే 30 డాలర్లకి “ప్రో సెట్” అని ఇంకోటుంది, అందులోకే పోయుంటాయి. తినగా మిగిలింది నాకు పొట్లం కట్టిచ్చాడన్నమాట.

ఫొటో తీసి పంపాను. జవాబు చూడండి: “బ్లూస్ అంటే గరగరలాడాలి సార్. నున్నగా కావాలంటే మీ సితార్ వాయించుకోండి.”

సితార్ నున్నగా ఉంటుందట! ఆ జుమ్మనే జీరే దాని ప్రాణం. పైగా నాది వీణ ఊరు. డబ్బు పోయినందుకు కాదు, ఆ “మీ” అన్నదానికి ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. కవరు విప్పాక వాపసు లేదని చివర్లో ఒక నవ్వు బొమ్మ కూడా పెట్టాడు.

మామూలు అకౌస్టిక్ గిటార్ కంచు తీగల లైట్ సెట్, 12–53ది (అంకెలు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో), ఏ మ్యూజిక్ షాపులోనైనా పది డాలర్లకి అటూ ఇటూగా దొరుకుతుంది. అందులో మధ్య మూడు, అంటే 42, 32, 24 వేసుకోండి. 42ని ‘ఏ’ (A) స్వరం నుంచి జీకి దించాలి, మిగతా రెండూ వాటి శ్రుతిలోనే ఉంటాయి. స్లైడ్‌కి ఆ బరువు చక్కగా ఆగుతుంది. మీ గిటార్‌కి పియెజో పికప్ (కంపనాన్ని పట్టి ఆంప్లిఫయర్‌కి పంపేది) ఉంటే కంచు తీగలు బాగానే పలుకుతాయి. మాగ్నెటిక్ (అయస్కాంతంతో పనిచేసే) పికప్ అయితే నికెల్ కొనండి, కంచు దానికి సరిగా అందదు.

నేనూ నిన్న అవే వేశాను. కానీ అరగదీసిన గాడిలో 42 తీగ అటూ ఇటూ ఊగుతోంది. కొత్త నట్ కోసం ఎముక ముక్క ఆర్డరిచ్చాను, ఇంకో చోట.